అంబాసిడర్‌కి ఆల్టర్నేటర్ మార్చాలి, 36 ఆంప్స్ చాలడం లేదు. ఏది వేయాలి?

అంబీ76 (నంగనల్లూరు, చెన్నై)
అందరికీ నమస్కారం. నాది 1976 అంబాసిడర్ మార్క్ 3, పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజనే, మార్చలేదు. ఈ బండికి మొదట్లో బ్యాటరీని చార్జి చేయడానికి ఉన్నది డైనమో. నాకంటే ముందు ఓనరు ఎప్పుడో దాన్ని తీసేసి లూకాస్ టీవీఎస్ ఆల్టర్నేటర్ వేయించారు, రేకు మీద అక్షరాలు చెరిగిపోయాయి గానీ తెలిసిన ఎలక్ట్రీషియన్ చూసి 36 ఆంప్స్‌ది అన్నాడు. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. అమ్మకి ఈ ఊరి ఎండ పడటం లేదని ఏసీ పెట్టించాను, అప్పట్నుంచి మొదలైంది. రాత్రిపూట కత్తిపారా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే హెడ్‌లైట్లు ఎర్రబడిపోతున్నాయి, డాష్‌బోర్డులో చార్జింగ్ లైటు సన్నగా వెలుగుతోంది, పొద్దున సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతోంది.

ఒకాయన 90 ఆంప్స్‌ది వేసేయమంటాడు, ఇంకొకాయన మారుతి 800ది చాలంటాడు, మూడో ఆయన ఉన్నదాన్నే వైండింగ్ మారుస్తానంటాడు. ఎన్ని ఆంప్స్ వేయాలి, ఈ ఇంజన్‌కి ఏది సరిగ్గా కూర్చుంటుంది, వైరింగ్‌లో ఏం మార్చాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వైండింగ్_మస్తాన్ (అంబత్తూరు)
సార్, కొనేముందు ఉన్నది పాడయిందో లేదో తేల్చుకోండి. మీటరు ఉంటే చాలు, పావుగంట పని.

రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర, లైట్లన్నీ ఆపి చూస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి మళ్లీ అదే స్పీడులో చూడండి, ఆ తర్వాత ఐడిల్‌లో చూడండి. ఇంకొకటి, ఇది చాలామంది చూడరు: మీటరుని ఏసీ వోల్టులకి (చల్లదనం ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) తిప్పి బ్యాటరీ మీదే పెట్టండి. 0.1 లోపు ఉంటే డయోడ్లు, అంటే కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి, బాగున్నట్టు, అర వోల్టు దాకా పోతే ఒక డయోడు పోయినట్టే. పోయిన డయోడు చార్జింగ్ తగ్గించడమే కాదు, బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీని వెనక్కి లాగేస్తుంది. పొద్దున సెల్ఫ్ బరువుగా ఉందన్నారు కాబట్టి అన్నీ ఆపేసి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టి ఎన్ని మిల్లీ ఆంప్స్ లాగుతోందో కూడా చూడండి. బెల్టు ఎంత బిగువుందో చూడటం మర్చిపోవద్దు, సగం కేసులు అక్కడే తేలతాయి.

శారద_ఎం
మస్తాన్ గారు చెప్పిన పరీక్షలు చేస్తూనే ఇంకో పని చేయండి, కాగితం మీద లోడ్ లెక్క వేయండి. ఎన్ని ఆంప్స్ అనేది మెకానిక్ అభిప్రాయం మీద ఆధారపడే విషయం కాదు, కూడికతో తేలేది. 13.5 వోల్టుల దగ్గర మీ బండికి సుమారుగా నేను వేసిన లెక్క ఇది: హాలోజన్ హెడ్‌లైట్లు డిమ్‌లో 55 వాట్లవి రెండు కలిపి 8 ఆంప్స్, ఇగ్నిషన్ కాయిల్ 4, పార్కింగ్ లైట్లు నంబర్ ప్లేటు మీటర్ బల్బులు కలిపి 3. ఇక్కడికి 15. అంటే ఏసీ లేని అంబాసిడర్‌కి 36 ఆంప్స్‌ది మంచి మిగులే, అందుకే ఇన్నాళ్లూ మీకు ఇబ్బంది రాలేదు. ఇప్పుడు ఏసీ బ్లోయర్ 10, కంప్రెసర్ క్లచ్ 4, కండెన్సర్ ముందు పెట్టిన కరెంటు ఫ్యాన్ 10 కలపండి, వాన పడితే వైపర్ ఇంకో 4. మొత్తం 43.

ఇంకా ముఖ్యమైన సంగతి, రేకు మీద రాసే 36 అనేది ఆల్టర్నేటర్ దాదాపు 6000 ఆర్‌పీఎంలో తిరిగినప్పటి మాట. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో అది అందులో మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. 43 కావాల్సిన చోట 15 వస్తుంటే మిగతా 28 బ్యాటరీ నుంచి పోతుంది. అరగంట ట్రాఫిక్‌లో 14 ఆంపియర్ అవర్లు ఖాళీ. కొత్త బ్యాటరీ అయినా పొద్దున సెల్ఫ్ బరువుగానే తిరుగుతుంది.

కాబట్టి కొనేటప్పుడు ఎక్కువలో ఎక్కువ ఎంత ఇస్తుందని కాకుండా ఐడిల్‌లో ఎంత ఇస్తుందని అడగండి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన షాపులో కొనండి.

పద్మిని_గోపాల్ (పెరంబూరు)
అన్నా, నా ప్రీమియర్ పద్మినిలో మారుతి 800 ఆల్టర్నేటరే ఉంది, బ్రహ్మాండంగా పని చేస్తోంది. చిన్నది, తేలిక, వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ లోపలే, స్పేర్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, సందు చివరి ఎలక్ట్రీషియన్ కూడా విప్పి బిగించగలడు. ఐడిల్‌లో కూడా చార్జింగ్ లైటు రాదు. పుదుపేటలో పాతది తీసుకుని బ్రష్‌లు, బేరింగులు మార్పించి వేయించాను. అంబాసిడర్‌లకి కూడా వేయడం చూశాను. 90 ఆంప్స్ ఎందుకు దండగ.

వైండింగ్_మస్తాన్
గోపాల్ అన్నా, మీ బండిలో ఏసీ లేదు కాబట్టి సరిపోయింది. శారద మేడమ్ లెక్క ప్రకారం మీ లోడు 15, ఆయనది 43. అదే వస్తువు ఆయన బండిలో పెడితే ఇప్పుడున్న కథే మళ్లీ.

పాతబండి_ప్రేమ (మైలాపూర్)
నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. పాత బండికి ప్రతి కొత్త వస్తువూ తగిలించుకుంటూ పోతే చివరికి మిగిలేది బాడీ ఒక్కటే. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టండి, వెనక లైట్లు, మీటర్ బల్బులు ఎల్‌ఈడీ చేయండి, కండెన్సర్ ఫ్యాన్ థర్మో స్విచ్ మీద నడిచేలా చేయండి. లోడు తగ్గించుకోవచ్చు కదా, 36 ఆంప్స్‌తోనే సర్దుకోవచ్చు. మా ఇంట్లో అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ డైనమో మీదే నడుస్తోంది. సి40 డైనమో 22 ఆంప్స్‌ది, పగటిపూట బీచ్ రోడ్డు దాకా వెళ్లి రావడానికి అది చాలు. దాని కమ్యుటేటర్‌ని లేత్ మీద సాపు చేయించి, కార్బన్లు మార్చి, బుష్‌లో నూనె వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. బానెట్ తెరిస్తే ఆ పొడుగాటి నల్ల డైనమో కనిపించడం నాకు ముఖ్యం.

శారద_ఎం
ప్రేమ గారూ, పగలు నడిపే బండికి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైనది, ఆ డైనమో తీయొద్దు. రిలేల సలహా అందరూ పాటించాల్సిందే, పాత స్విచ్ గుండా హాలోజన్ కరెంటు పోనిస్తే స్విచ్ కాలిపోతుంది. కానీ అంబీ గారి లోడులో సగానికి పైగా ఏసీదే. బల్బులు మార్చితే తగ్గేది రెండు మూడు ఆంప్స్. ఫ్యాన్‌ని థర్మో స్విచ్ మీద పెట్టినా చెన్నై మే నెల ట్రాఫిక్‌లో అది ఆగే సందర్భమే రాదు. పెద్దావిడ కోసం ఏసీ కావాలన్నప్పుడు దానికి తగ్గ ఆల్టర్నేటర్ కావాల్సిందే.

అంబీ76
మస్తాన్ గారు చెప్పినట్టు చూశాను. ఆగిన బండిలో 12.3. 2000 ఆర్‌పీఎంలో లోడు లేకుండా 14.1. అన్నీ వేస్తే అదే స్పీడులో 12.9, ఐడిల్‌లో 12.0. ఏసీ వోల్టులు 0.04. ఆగినప్పుడు లాగేది 20 మిల్లీ ఆంప్స్, స్టీరియో గడియారం వల్ల అనుకుంటా. బెల్టు బిగువుగానే ఉంది. పుల్లీలు కూడా కొలిచాను, క్రాంక్ పుల్లీ 127 మి.మీ., ఆల్టర్నేటర్ పుల్లీ 70 మి.మీ. ఐడిల్ 750.

వైండింగ్_మస్తాన్
ఇంకేం సార్, మీ ఆల్టర్నేటర్‌లో ఏ తప్పూ లేదు. డయోడ్లు బాగున్నాయి, రెగ్యులేటర్ బాగుంది, లీకు లేదు. చిన్నది, అంతే. వైండింగ్ మారుస్తానన్న ఆయనకి డబ్బులివ్వకండి, అదే కోర్ మీద లావు తీగ చుట్టి 60 ఆంప్స్ చేస్తామంటే నమ్మొద్దు, ఆ డయోడు ప్లేటు తట్టుకోదు, ఆ బాడీలోంచి అంత వేడి బయటికి పోదు.

మీకు సరిపోయేది లూకాస్ టీవీఎస్ ఏ127 రకం, 65 ఆంప్స్‌ది. స్టేటర్, అంటే లోపల కదలకుండా ఉండే చుట్ల భాగం, దాని వ్యాసం 127 మి.మీ. కాబట్టి ఆ పేరు. మీ ఇంజన్ బ్రిటన్‌లో ఎంజీబీ స్పోర్ట్స్ కారుకి పెట్టిన బి సిరీస్ కుటుంబానిదే, వాళ్లూ 1967 చివర్లోనే డైనమో వదిలేసి ఆల్టర్నేటర్‌కి మారారు, ఇప్పుడు అక్కడ చాలామంది ఇదే ఏ127 వేసుకుంటున్నారు. ఇక్కడ మనకి ఇంకా సుఖం, పాడిలో తయారయ్యే సరుకు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో బిల్లుతో కొత్తదే దొరుకుతుంది.

90 ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను. 65 ఆంప్స్ 14 వోల్టులంటే 910 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే బెల్టు దగ్గర సుమారు 1650 వాట్లు, అంటే రెండు హార్స్ పవర్ పైనే లాగుతుంది. ఒక్క బెల్టే వాటర్ పంపునీ దీన్నీ తిప్పాలి. 90 పెడితే ఆ బెల్టు వానలో కీచుమంటూ జారుతుంది, జారకుండా లాగి బిగిస్తే వాటర్ పంపు బేరింగ్ పోతుంది. ఆల్టర్నేటర్ మిగిలి రేడియేటర్ మరిగితే ఏం లాభం.

శారద_ఎం
పుల్లీ కొలతలు ఇచ్చి మంచి పని చేశారు. 127ని 70తో భాగిస్తే 1.8. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ 1360 ఆర్‌పీఎం తిరుగుతోంది, ఇది చాలా తక్కువ, అప్పుడప్పుడే కరెంటు ఇవ్వడం మొదలుపెట్టే స్పీడు. కొత్తదానికి 60 మి.మీ. పుల్లీ వేయించండి, 2.1 అవుతుంది. ఏసీ వేసినప్పుడు ఐడిల్ 900కి ఎత్తే వ్యాక్యూమ్ పరికరం కార్బ్యురేటర్‌కి తగిలిస్తారు, అది కూడా పెట్టించుకుంటే ఆల్టర్నేటర్ 1900 దగ్గర తిరుగుతుంది. 65 ఆంప్స్‌ది ఆ స్పీడులో సుమారు 30 దాకా ఇవ్వగలదు. మీ ఇంజన్ 4500 దాటి తిరగదు కదా, అప్పుడు కూడా ఆల్టర్నేటర్ 9500 దగ్గరే, ప్రమాదం లేదు. 60 కంటే చిన్న పుల్లీ మాత్రం వద్దు, బెల్టు చుట్టుకునే భాగం తగ్గి జారుతుంది.

లెక్క ప్రకారం ఐడిల్‌లో ఇంకా కొంచెం లోటు ఉంటుంది, నిజమే. కానీ సిగ్నల్ దాటి కదిలిన వెంటనే అది తీరిపోతుంది, ఇప్పుడు మీకు తీరడం లేదు.

హెరాల్డ్_కోడంబాక్కం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, నా ప్రశ్న కూడా దీనికి దగ్గరిదే. నాది స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ, ఈ ఊళ్లోనే పుట్టిన బండి. డైనమోనే ఉంది, ఏసీ లేదు. రాత్రిళ్లు నడపాలని ఆల్టర్నేటర్ అనుకుంటున్నాను. బ్యాటరీ చూస్తే ప్లస్ వైరు బాడీకి బిగించి ఉంది. ఇది ఎవరైనా తారుమారు చేశారా, అలాగే ఉంటుందా? ఆల్టర్నేటర్ వేస్తే ఏమవుతుంది?

శారద_ఎం
అలాగే ఉంటుంది, ఎవరూ తప్పు చేయలేదు. ఆ కాలపు ఇంగ్లిష్ బళ్లలో పాజిటివ్ ఎర్త్ మామూలు. ఇప్పుడు దొరికే ఆల్టర్నేటర్లన్నీ దాదాపుగా నెగటివ్ ఎర్త్‌వి. ఉన్నదున్నట్టు తగిలిస్తే డయోడ్లు అదే క్షణంలో పోతాయి, రెండో అవకాశం ఉండదు. కాబట్టి ముందు బండి మొత్తాన్ని నెగటివ్ ఎర్త్ చేయాలి. కష్టమేమీ కాదు, కానీ ఏదీ వదలకూడదు. బ్యాటరీని తిప్పి పెట్టాలి, ప్లస్ పోస్టు లావు మైనస్ పోస్టు సన్నం కాబట్టి టెర్మినల్ క్లాంపులు కూడా మార్చాలి. ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు చిన్న వైర్లు అటుదిటు చేయాలి. ఆమీటర్ ఉంటే దాని వైర్లు కూడా, లేకపోతే చార్జింగ్‌ని డిశ్చార్జ్ అని చూపిస్తుంది. సెల్ఫ్ మోటార్‌కి ఫీల్డ్ కాయిల్ ఉంటుంది కాబట్టి ఎటైనా ఒకే వైపు తిరుగుతుంది. తర్వాత ఎవరైనా పెట్టిన చిన్న ఫ్యాన్లలో అయస్కాంతం ఉంటే అవి మాత్రం వెనక్కి తిరుగుతాయి. పాత రేడియో ఉంటే వైరు విప్పి పక్కన పెట్టండి, తెలిసినవాళ్లు చూసేదాకా తగిలించొద్దు.

వైండింగ్_మస్తాన్
హెరాల్డ్ అన్నా, కటౌట్ బాక్స్ సంగతి కూడా వినండి. డైనమోకి బయట ఉండి చార్జింగ్‌ని అదుపు చేసే ఆ బాక్స్ పని ఆల్టర్నేటర్ లోపలే జరిగిపోతుంది. బాక్స్ తీసేయక్కర్లేదు, అందంగా ఉంటుంది, లోపలి కాయిళ్ల కనెక్షన్లు విప్పేసి దాన్ని వైర్లు కలిపే చోటుగా వాడుకోవచ్చు. చార్జింగ్ లైటు నుంచి వచ్చే వైరుని, డైనమో ఎఫ్ టెర్మినల్‌కి పోయే సన్న వైరునీ కలిపితే అది ఆల్టర్నేటర్ ఇండికేటర్ టెర్మినల్‌కి పనికొస్తుంది. రంగులు నమ్మొద్దు, ఇన్నేళ్లలో అన్నీ ఒకే మట్టి రంగులోకి వచ్చి ఉంటాయి, మీటరు పెట్టి వెతకండి. లావు వైరు మాత్రం కొత్తది వేయండి.

చార్జింగ్ లైటు బల్బు 2.2 వాట్లది తప్పకుండా ఉండాలి. ఆ బల్బు గుండా వెళ్లే కొంచెం కరెంటే లోపల తిరిగే రోటర్‌ని అయస్కాంతంగా మేల్కొలుపుతుంది. బల్బు మాడిపోయినా, దాని చోట ఎల్‌ఈడీ పెట్టినా చార్జింగ్ మొదలవ్వక, ఆల్టర్నేటర్ పోయిందని కొత్తది కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

పద్మిని_గోపాల్
మా మెకానిక్ ఆల్టర్నేటర్ బిగించాక ఇంజన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూపిస్తాడు, ఇంజన్ ఆగకపోతే చార్జింగ్ వస్తున్నట్టే అంటాడు. అంబీ అన్నా, బిగించాక మీరూ అలా చూసుకోండి.

వైండింగ్_మస్తాన్
దయచేసి ఎవ్వరూ ఆ పని చేయకండి. డైనమో రోజుల్లోంచి వచ్చిన అలవాటు అది, అప్పుడు పెద్దగా ఏమీ అయ్యేది కాదు. ఆల్టర్నేటర్‌లో కరెంటు వస్తుండగా బ్యాటరీని పీకితే ఆ కరెంటు పోవడానికి చోటు లేక వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకి ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే అదీ, స్టీరియో కూడా పోవచ్చు. ఒకోసారి అప్పుడే పోకుండా దెబ్బతిని తర్వాతెప్పుడో పోతుంది, అందుకే కారణం ఎవరికీ తెలియదు. నా దగ్గరికి డయోడు ప్లేట్లు కాలి వచ్చే ఆల్టర్నేటర్లలో ఈ బాపతు ఎక్కువ. మీటరు చవక సార్, అది పెట్టి చూడండి. వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా ఆల్టర్నేటర్ వైర్లు విప్పేయండి.

పద్మిని_గోపాల్
ఇది నాకు తెలియదు మస్తాన్ భాయ్. మా మెకానిక్‌కి చెప్తాను.

పాతబండి_ప్రేమ
కొనే చోటు గురించి ఒక మాట. పుదుపేటలో పాతవి చవగ్గా దొరుకుతాయి, కానీ పైన అల్యూమినియం పెయింట్ కొట్టి కొత్తదానిలా పెట్టినవి ఎక్కువ. చేత్తో పుల్లీ తిప్పి బేరింగ్ చప్పుడు వినండి, షాఫ్ట్‌ని పక్కలకి కదిపి చూడండి, వెనక మూత విప్పించి స్లిప్ రింగులు గాడిపడ్డాయేమో చూడండి. బెంచి మీద తిప్పి, లోడు పెట్టి, ఎన్ని ఆంప్స్ దగ్గర 13.5 నిలుస్తుందో చూపించమనండి. కాస్త వేడెక్కేదాకా తిప్పించండి, చల్లగా ఉన్నప్పుడు ఇచ్చినంత వేడిలో ఇవ్వదు, మన బానెట్ కింద వేడి సంగతి తెలిసిందే కదా. బెంచి మీద చూపించనన్న చోట కొనకండి.

నా మార్క్ 2కి డైనమో ఆకారంలోనే ఉండే ఆల్టర్నేటర్ ఒకటి బయటి దేశాల్లో దొరుకుతుంది, తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చుకి మనసు ఒప్పుకోవడం లేదు. చూద్దాం.

అంబీ76
65 ఆంప్స్ ఏ127కే ఖాయం చేసుకున్నాను, కొత్తదే. బ్రాకెట్, వైరు గురించి ఇంకొంచెం చెప్పండి. ఇప్పుడున్న బ్రాకెట్ సన్న రేకుతో చేసింది, ఇంజన్ వేస్తే వణుకుతోంది. డాష్‌బోర్డులో 30-0-30 ఆమీటర్ కూడా ఉంది.

శారద_ఎం
ఆమీటర్ తీసేసి దాని స్థానంలో వోల్ట్‌మీటర్ పెట్టండి. 65 ఆంప్స్ కరెంటుని డాష్‌బోర్డు దాకా తీసుకెళ్లి వెనక్కి తేవడం నిప్పుతో చెలగాటం. ఆల్టర్నేటర్ నుంచి నేరుగా సెల్ఫ్ సోలనాయిడ్ బ్యాటరీ పోస్టుకి 10 చదరపు మి.మీ. రాగి వైరు వేయండి, మధ్యలో బ్యాటరీ దగ్గరగా 80 ఆంప్స్ ఫ్యూజు. రెండు మీటర్ల వైరులో 60 ఆంప్స్ పోతే 0.2 వోల్టు పడిపోతుంది, ఫరవాలేదు. అదే పాత 4 చదరపు మి.మీ. వైరయితే అర వోల్టు పైనే పడి, వేడెక్కుతుంది కూడా. ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ కూడా కొత్తది వేయించండి, వచ్చిన కరెంటంతా తిరిగి వెళ్లాల్సింది ఆ దారినే.

వైండింగ్_మస్తాన్
బ్రాకెట్‌కి సన్న రేకు పనికిరాదు, 6 మి.మీ. ప్లేటుతో చేయించండి. కింద రెండు చెవులూ పొడుగు బోల్టు మీద గట్టిగా కూర్చోవాలి, సందు ఉంటే బోల్టు బిగించి మూసేయొద్దు, అల్యూమినియం చెవి విరుగుతుంది. లేత్ దగ్గర సరైన కొలత ప్యాకింగ్ తిప్పించండి. బ్రాకెట్ ఆనే చోట పెయింట్ గీకేయండి, ఎర్త్ అక్కడి నుంచే రావాలి. మూడు పుల్లీలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో ఉక్కు స్కేలు ఆనించి చూడండి, ఒక మి.మీ. తేడా వచ్చినా బెల్టు అంచు అరుగుతుంది. బెల్టు వెడల్పు క్రాంక్ పుల్లీ గాడికీ కొత్త పుల్లీకీ ఒకటేనా అని కొనేముందే చూసుకోండి, పాత డైనమో పుల్లీలు వెడల్పు, కొత్తవి సన్నం, బెల్టు గాడి అడుగుకి దిగిపోతే ఎంత బిగించినా జారుతుంది. బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకంటే బిగువు వద్దు.

ఆల్టర్నేటర్ కాస్త కిందుగా కూర్చుంటుంది కాబట్టి నవంబరు వానలకి వేళచ్చేరిలో నిలిచే నీళ్లలోకి బండి దింపకండి.

హెరాల్డ్_కోడంబాక్కం
అంబీ గారూ, మీరు తీసేసే 36 ఆంప్స్‌ది నాకిస్తారా? నా లోడు 15 దాటదు, మీ రీడింగులన్నీ బాగానే ఉన్నాయి. ధర మీరే చెప్పండి.

అంబీ76
తప్పకుండా తీసుకోండి. మెసేజ్ పెడతాను, ఆదివారం నంగనల్లూరు వచ్చెయ్యండి, బండి మీద ఉండగానే మీటరు పెట్టి చూసుకుని పట్టుకెళ్లండి.

వైండింగ్_మస్తాన్
హెరాల్డ్ అన్నా, తీసుకున్నాక నేరుగా బిగించకుండా ఒకసారి అంబత్తూరు తీసుకురండి. బ్రష్‌లు, రెండు బేరింగులు మార్చి ఇస్తాను. మీ ఇంజన్ బ్రాకెట్ వేరు, పైన సర్దుబాటు చెవి ఎటువైపు రావాలో ఫోటో తీసి తెండి, ముందు మూత తిప్పి బిగించడానికి వీలుంటే అప్పుడే చేసేద్దాం. బ్యాటరీ తిప్పడం మాత్రం అది బండి మీదకి ఎక్కించేముందే అయిపోవాలి.